గంట గాలాలు పక్కన పెట్టాక: ఈ ఏడాది చెరువు నోట్సు

ఈ ఏడాది చెరువు మీద రెండే పద్ధతులు వాడుతున్నాను. ఒకటి వెదురు కర్రకు కట్టిన బెండు గాలం, రెండోది కొర్రమట్ట (కొర్రమీను) చేప కోసం రబ్బరు కప్ప. రెండింటికంటే ఎక్కువ చేపలు పడే పద్ధతులు నాకు తెలుసు, సామాను కూడా ఇంట్లోనే ఉంది. అయినా చెరువు దగ్గర గడిపే నాలుగైదు గంటలు ఎలా గడవాలో ముందు తేల్చుకుని, దానికి తగ్గ గాలం ఎంచుకోవాలనుకున్నాను. ఇదే దారిలో వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని వివరాలు రాసి పెడుతున్నాను.

మాది వరంగల్ వైపు. ఊరి చెరువులో చేపల మీద హక్కు మత్స్యకారుల సంఘానిది, కాబట్టి మొదటి పని వాళ్లను అడగడం. మాకు కుదిరిన మాట ఇది: సంఘం వేసిన బొచ్చె, రవ్వ, బంగారు తీగ పడితే నీళ్లలోకి వదిలేయాలి. జిలేబీలు (తిలాపియా చేపలు) ఎన్నైనా తీసుకెళ్లొచ్చు. కొర్రమట్ట అయితే పెద్దది ఎప్పుడో ఒకటి, అదీ చెప్పి తీసుకోవాలి. జిలేబీల మీద ఎవరికీ పట్టింపు లేదు. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ చేప ఇప్పుడు ఎక్కడ పడితే అక్కడ పిల్లలు పెట్టి, మిగతా చేపల మేత తినేస్తోంది.

మే: పక్కన పెట్టినవి

మా దగ్గర బాగా చేపలు పడేది స్ప్రింగ్ గాలానికి. వేరుశనగ చెక్క, తవుడు కలిపి గట్టి ముద్ద చేసి ఒక తీగ చుట్టకు పట్టిస్తారు. దాని చుట్టూ పొట్టి దారాలతో ఐదారు గాలాలు వేలాడతాయి. లోతు నీళ్లలోకి విసిరి, కర్రను పంగల పుల్ల మీద ఆనించి, కొసకు చిన్న గంట కడతారు. ముద్ద కరుగుతుంటే ఆ వాసనకు రవ్వలు, బంగారు తీగలు చేరతాయి. చెక్కను పీల్చుకునేటప్పుడు ఏదో ఒక గాలం నోట్లోకి పోతుంది. ఒక్క మనిషి ఇలాంటివి నాలుగు వేసుకుని చెట్టు కింద కూర్చోవచ్చు.

ఇంటికి కూర కావాలన్నా, అమ్ముకోవాలన్నా ఇది సరైన పద్ధతే. నాకు నచ్చనిది ఒక్కటే: చేపను రప్పించేది ముద్ద, కబురు చెప్పేది గంట, నాకు మిగిలేది లాగడం. గంట మోగేదాకా నీళ్ల వైపు చూడాల్సిన పనే ఉండదు. అందరూ ఫోన్ చూస్తుంటారు, నేనూ అంతే. ఎన్ని పడినా, ఇంటికి వచ్చాక ఆ రోజు చెరువులో ఏం జరిగిందో చెప్పడానికి నా దగ్గర ఏమీ ఉండేది కాదు.

సంఘంలో పెద్దాయన ఒకరిని అందరం కాకా అంటాం. బెండు గాలం చూసి ఆయన అడిగిందీ న్యాయమే: "గంట కట్టి కూసుంటే అయిపోవు గద తమ్మీ, గీ బెండు ఎందుకు?" బెండు కదలడం చూడటం బాగుంటుంది కాకా అన్నాను. కాసేపు పక్కనే కూర్చుని తానూ చూశాడు.

జూన్: బెండు

మృగశిర కార్తె నాడు ఇళ్లన్నీ చేపల కూర వాసనతో ఉంటాయి కానీ అప్పటికి మా చెరువులో నీళ్లు ఇంకా శిఖం (చెరువు లోపలి నేల) మధ్యలోనే ఉన్నాయి. అందుకే తూము దగ్గర మొదలుపెట్టాను, ఉన్నంతలో అక్కడే లోతు.

కర్ర 12 అడుగుల వెదురు. చలికాలంలో కొట్టించి, నీడలో ఆరబెట్టి, వంకరలను సన్నటి మంట మీద వేడి చేసి సరిచేశాను. రీలు లేదు, కర్ర ఎంత పొడవో దారమూ అంతే. దారం 0.20 మిల్లీమీటర్ల నైలాన్. గాలం 12వ నంబరు. జిలేబీ నోరు చిన్నది, అంతకంటే పెద్దది వేస్తే ఎర తినేసి పోతుంది.

బెండుకు నెమలి ఈక కాడ వాడుతున్నాను. పొలాల్లో రాలిన ఈకలు దొరుకుతాయి. జాన కంటే కాస్త తక్కువ ముక్క కోసి, పై కొసకు ఎర్ర నెయిల్ పాలిష్ పూసి, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కతో అడుగు కొస మాత్రమే దారానికి బిగిస్తాను. గాలి వీచినప్పుడు ఇది జీలుగు బెండు కంటే నిలకడగా ఉంటుంది, చిన్న కదలికనూ చూపిస్తుంది.

అసలు పనంతా సీసం గుండ్లలో ఉంది. బెండు నీళ్ల పైన గోరంత కనబడేదాకా గుండ్లు కలపాలి. ఎక్కువ తేలితే చేపకు బరువు తెలుస్తుంది, ఎర ఉమ్మేస్తుంది. తర్వాత లోతు చూసుకోవాలి. గాలానికి తాత్కాలికంగా ఒక పెద్ద గుండు తగిలించి వేస్తే, బెండు మునిగిపోయిందంటే లోతు ఇంకా ఉందని అర్థం, పైకి జరపాలి. ఎర సరిగ్గా అడుగున ఆని, చివరి చిన్న గుండు గాలానికి నాలుగు వేళ్ల దూరంలో ఉండేలా పెడుతున్నాను.

ఇలా పెట్టాక బెండు మాట్లాడటం మొదలుపెట్టింది. పరికెలు (చిన్న చిన్న చేపలు) వస్తే ఊరికే వణుకుతుంది, అప్పుడు లాగి లాభం లేదు. జిలేబీ అడుగున ఉన్న ఎరను నోట్లోకి తీసుకుని తల ఎత్తితే గుండు బరువు పోయి బెండు పైకి లేస్తుంది, ఒక్కోసారి పక్కకు పడుకుంటుంది. కర్ర ఎత్తాల్సింది ఆ క్షణంలోనే. బంగారు తీగ అయితే ముందే కబురు పంపుతుంది: బురద తవ్వుతుంటే సన్నటి నురగలాంటి బుడగలు గుంపుగా పైకొస్తాయి, తర్వాత బెండు నింపాదిగా పక్కకు జరుగుతూ మునుగుతుంది. రీలు లేని కర్రకు పెద్ద తీగ పడితే దారం తెగుతుంది, పాపం దాని నోట్లో గాలం ఉండిపోతుంది. అందుకని ఆ బుడగలు కనబడితే నేనే పది గజాలు జరిగి కూర్చుంటాను.

ఎరకు ఎర్రలు (వానపాములు) మంచివే కానీ వాటికి పరికెలు ఎగబడతాయి. గోధుమపిండిలో కొంచెం సోంపు పొడి, చిటికెడు పసుపు, వేళ్లతో విడదీసిన దూది పోగులు వేసి పిసికిన ముద్ద మేలు. దూది వల్ల పిండి గాలం మీద నుంచి జారదు. కందిగింజంత చాలు.

జూలై, ఆగస్టు: కొర్రమట్టను వదిలేసిన రోజులు

వానలు పడి చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకింది. ఈ రోజుల్లో తామరాకుల పక్కన ఎర్రటి పిల్లల గుంపు ఒకటి కుతకుత ఉడికినట్టు పైకి తేలుతూ మునుగుతూ కనబడుతుంది. అవి కొర్రమట్ట పిల్లలు. వాటి కింద తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మధ్యలో ఏది పడినా, ఆకలి లేకపోయినా, పిల్లల కోసం మీద పడి కొరుకుతాయి. కొర్రమట్టను పట్టడానికి ఇంతకంటే సులువైన దారి లేదు, చాలామంది అలాగే పడతారు.

నేను ఆ పని చేయను, ఎవరైనా అడిగితే చేయొద్దనే చెబుతాను. కాపలా పోయిన గుంపును మిగతా చేపలు, కొంగలు ఊడ్చేస్తాయి. ఒక్క చేప కోసం వందల పిల్లలు పోతాయి. తెలంగాణ రాష్ట్ర చేపగా చెప్పుకుంటున్న దానికి ఆ రెండు నెలలు ఊపిరి తీసుకునే వీలు ఇవ్వాలి. రాత్రి బతికిన కప్పను గుచ్చి గట్టుకు కట్టి వదిలేసే గాలాలూ నేను వేయను. చేప పడే క్షణంలో మనం అక్కడ ఉండనే ఉండం, ఇక అందులో నాకేం మిగిలినట్టు?

కాబట్టి ఈ నెలల్లో బెండు, జిలేబీలు. కట్ట రాళ్ల మధ్య పాములు తిరుగుతాయి, చెప్పులతో కాకుండా బూట్లతో వెళ్లండి.

అక్టోబర్ నుంచి: రబ్బరు కప్ప

నాకు అన్నిటికంటే ఇష్టమైన పద్ధతి ఇది. చేపలు తక్కువ పడేదీ ఇదే. లోపల బోలుగా ఉండే మెత్తటి కప్ప, వీపుకు ఆనుకుని రెండు గాలాలు. తామరాకుల మీద, గుర్రపుడెక్క మీద ఈడ్చినా చిక్కుకోదు. చేప కొరికినప్పుడు కప్ప నలిగి గాలాలు బయటపడతాయి.

కర్ర 7 అడుగులది, కాస్త గట్టిది. 3000 సైజు రీలు, 40 పౌండ్ల అల్లిక దారం. ఇంత లావు దారం చేప బరువు కోసం కాదు, పడ్డాక అది ఆకుల్లోకి దూరితే కాడలను కోసుకుంటూ బయటికి తీయడం కోసం. కప్ప బరువు 10 నుంచి 14 గ్రాములు. కొత్త కప్పకు రెండు పనులు చేస్తున్నాను: గాలం కొసలను పటకారుతో వెంట్రుకవాసి బయటికి వంచడం, వెనక కాళ్ల కుచ్చుల్లో ఒకదాన్ని కొంచెం పొట్టిగా కత్తిరించడం. రెండో దాని వల్ల కప్ప తిన్నగా రాకుండా అటూ ఇటూ తిరుగుతూ వస్తుంది. గాలం ముళ్లను కూడా పటకారుతో నొక్కేస్తాను, వదిలేసేటప్పుడు చేప నోరు చీరకుండా.

ఎక్కడ వేయాలో చేపే చెబుతుంది. కొర్రమట్ట గాలి పీల్చడానికి నీళ్ల పైకి రాక తప్పదు. గుటక వేసినట్టు చిన్న శబ్దం, ఒక బుడగ, ఒక వలయం. నేను పొద్దున్నే కట్ట మైసమ్మ గుడి దగ్గర నిలబడి, ఏ సందులో వలయం వస్తుందో చూస్తూ ఉంటాను. మళ్లీ అదే చుట్టుపక్కల లేస్తుంది. కప్పను వలయం నెత్తిన వేస్తే పారిపోతుంది. రెండు మూడు గజాలు అవతల ఆకు మీద వేసి, మెల్లగా సందు అంచుదాకా తెచ్చి ఆపాలి. ఆ ఆపడంలోనే నా గుండె గట్టిగా కొట్టుకుంటుంది. ఒక్కోసారి ఆకుల కింద నీళ్లు ఉబ్బి కప్ప వైపు గీతలా వస్తాయి.

ధబ్ మని నీళ్లు పేలగానే లాగకూడదు. కర్ర కొస నీళ్ల వైపు దించి, వదులు దారం చుట్టుకుని, చేతికి బరువు తెలిశాక అప్పుడు గట్టిగా ఎత్తాలి. వలయాలను చూసి వేయడం మొదలుపెట్టాక దాడులు పెరిగాయి. బరువు తెలిసేదాకా ఆగడం చేతికి అలవాటయ్యాక వాటిలో నిలిచేవీ పెరిగాయి. అయినా సగానికి పైగా తప్పించుకుంటాయి. తప్పించుకున్న దాడిని చూసినా నాకు ఒళ్లు ఝల్లుమంటుంది. బతికిన కప్పతో ఇంతకు రెట్టింపు పడతాయని నాకు తెలుసు, మారాలని మాత్రం అనిపించడం లేదు.

అర కిలో లోపువి వెంటనే వదిలేస్తున్నాను. చేతులు తడుపుకుని పట్టుకోండి, ఒంటి మీది జిగురు పోకూడదు. ఇప్పటికి ఒక్కటే ఇంటికి తెచ్చాను, కిలోకు కాస్త పైన. అమ్మ చింతపులుసు పెట్టింది.

ఇప్పుడు

నీళ్లు తగ్గుతున్నాయి, తామరలు కట్టకు దూరంగా జరుగుతున్నాయి. కప్ప అంత దూరం అందడం లేదు. ఫిబ్రవరిలో శిఖం వైపు నుంచి నడిచి వెళ్లే దారి తేలుతుందని కాకా చెప్పాడు. అటు బురద మోకాలు దాకా ఉంటుందట, అందుకని పొడవు బూట్లు చూస్తున్నాను. కప్పకు బరువు పెంచడానికి పొట్టలో చిన్న గుండ్లు వేసి, తూము నీళ్లలో పరీక్షిస్తున్నాను. రెండు గ్రాములు దాటితే తోక మునుగుతోంది, గాలాలు ఆకులకు పడుతున్నాయి. గ్రామున్నర దగ్గర సరిగ్గా తేలుతోంది, నాలుగైదు గజాలు ఎక్కువ పోతోంది.