కొమ్మ స్పష్టం, కన్ను మసక

నేలపట్టు పక్షుల కేంద్రంలో తీసిన ఫొటోలన్నింటికీ ఒకటే జబ్బు. గూటి ముందు కొమ్మ స్పష్టం, గూడబాతు కన్ను మసక. జిల్లాలు మారాక నేలపట్టు తిరుపతిలోకి పోయింది గానీ మా నెల్లూరోళ్లకు అది ఇంకా మాదే.

చెయ్యి వణికిందేమోనని నన్ను నేనే తిట్టుకున్నా. నిన్న మిద్దె మీద ట్రైపాడ్ వేసి, న్యూస్ పేపర్ ఏటవాలుగా పెట్టి, అపర్చర్, అంటే లెన్స్‌లో వెలుగొచ్చే కంత, పూర్తిగా తెరిచి మధ్య లైను మీద ఫోకస్ చేశా. స్పష్టంగా వచ్చింది దాని ముందు లైను! లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద చూసి తీస్తే, మాత్రం సరిగ్గానే పడుతోంది. డీఎస్ఎల్ఆర్ కెమెరాలో కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్‌తో తీస్తే ఫోకస్‌కు వేరే సెన్సర్ కదా, తేడా అక్కడుంది. ఫోకస్‌ను కాస్త ముందుకో వెనక్కో జరిపే ఫైన్ ట్యూన్ సెట్టింగ్ +7 దగ్గర కుదిరింది.

"ఆ పేపర్ చదవకుండా ఎన్నిసార్లు ఫొటో తీస్తావురా" అంది అమ్మ.

ఆదివారం తెల్లారుజామునే మళ్లీ నేలపట్టుకు, దొరవారిసత్రం బస్సులో.