ఒన్స్‌మోర్ బటన్

మా మావయ్యగారికి పద్యం ఒక్కసారి వింటే సరిపోదు. తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో పౌరాణిక నాటకాలు చూస్తూ పెరిగిన మనిషి. నటుడు రాగం బాగా తీశాడంటే జనంలోంచి "ఒన్స్‌మోర్" అని కేక పడాలి, హార్మోనియం మళ్ళీ అందుకోవాలి. కథలో చచ్చి పడున్నవాడైనా సరే, లేచి ఆ పద్యం ఇంకోసారి పాడి మళ్ళీ పడుకోవాలి. అదీ ఆయన లెక్క.

తిరుణాళ్ళలో, బస్టాండ్ దుకాణాల్లో కొన్న నాటకాల వీసీడీలు ఆయన దగ్గర యాభై ఎనిమిది ఉన్నాయి. పాత బిస్కెట్ల డబ్బాల్లో, కవర్ల మీద స్కెచ్ పెన్నుతో నంబర్లు వేసి మరీ దాచుకున్నారు. నిరుడు సంక్రాంతి అయిన వారానికి డీవీడీ ప్లేయర్ పోయింది. బాగుచేసే అబ్బాయి మూత విప్పి చూసి "లెన్స్ పోయిందమ్మా, ఇప్పుడు దొరకదు" అని మూత కూడా సరిగ్గా బిగించకుండా ఇచ్చేశాడు. ఆ రోజు నుంచి మావయ్యగారు సాయంత్రం ఆరింటికి తన గదిలో టీవీ పెట్టుకుని, ఏమీ చూడకుండా ఛానళ్ళు తిప్పడం మొదలుపెట్టారు.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. ఇంట్లో ఇలాంటిది నా కళ్ళముందు జరుగుతుంటే చూస్తూ ఊరుకోలేను. పైగా "మా కోడలు పిల్లలకి ఇవే చెబుతుంది" అని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పి ఉన్నారు. ఇక పరువు సమస్య.

హాల్లో స్మార్ట్ టీవీ ఉందిగా అంటారేమో. ముందు అదే ప్రయత్నించాను. వీసీడీని కంప్యూటర్‌లో పెడితే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్‌లో పేరు చివర డీఏటీ అని ఉన్న ఒక పెద్ద ఫైల్ కనిపిస్తుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి పెడితే టీవీ అసలు గుర్తించలేదు. ఫైల్ పేరు చివర డీఏటీ తీసేసి ఎంపీజీ అని రాస్తే చక్కగా ఆడింది. లోపల ఉన్నది మామూలు ఎంపెగ్-1 (వీడియోని కుదించే ఒక పాత పద్ధతి) బొమ్మే, పైన తొడుగు మాత్రం వేరు. కానీ ఆరు నుంచి తొమ్మిదిన్నర వరకు హాల్లో టీవీ అత్తయ్యగారిది. ఆ విషయంలో ఏ ఎంపెగ్గూ పనిచేయదు.

కాబట్టి మావయ్యగారి గదిలో ఉన్న ఇరవయ్యొక్క అంగుళాల డబ్బా టీవీకే ఏదో ఒకటి తగిలించాలి. దానికున్నవి వెనక పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులు, అంతే.

అటక మీద మా మరిది ప్లేస్టేషన్-2 ఉంది. డాలస్ వెళ్ళేటప్పుడు అట్టపెట్టెలో పెట్టి "వదినా, ఇది ఎవరికీ ఇవ్వకు" అని చెప్పి వెళ్ళాడు. ఇవ్వలేదు, దింపాను. దుమ్ము దులిపి పసుపు పిన్ను గుచ్చి స్విచ్ వేస్తే మొదటిసారికే నీలం తెర వచ్చింది. 2000లో వచ్చిన యంత్రం. అప్పట్లో చాలా ఇళ్ళలో మొదటి డీవీడీ ప్లేయర్ ఇదేనట, ఆటల కోసమని కొన్నా సినిమాలు కూడా చూసేవాళ్ళట. మావయ్యగారు భక్తిగా ఒకటో నంబరు వీసీడీ అందించారు. పెట్టాను. తెర ఎర్రబడి, ప్లేస్టేషన్ డిస్కు పెట్టమని గదమాయించింది.

అప్పుడు తెలిసింది, ప్లేస్టేషన్-2 డీవీడీ ఆడుతుంది గానీ వీసీడీ ఆడదు. విచిత్రం ఏమిటంటే, దానికన్నా ముందు తరం మొదటి ప్లేస్టేషన్‌లో ఆసియా దేశాల కోసమని తెల్లరంగుది ఒకటి తయారుచేశారు, 5903 అనే నంబరుతో. అది వీసీడీలు ఆడేది. అక్క చేసిన వంట చెల్లెలికి రాలేదన్నమాట.

"ఇంతింత ఖరీదు పెట్టి కొన్నాడు, పది రూపాయల డిస్కు ఆడదా?" అన్నారు మావయ్యగారు. మరిది మీద ఆయనకున్న పాత కోపం అందులో కొంచెం ఉంది.

సరే, వీసీడీ వద్దంటే డీవీడీయే చేసి పెడదాం అనుకున్నాను. ఇక్కడ ఒక మంచి వెసులుబాటు ఉంది. వీసీడీలో బొమ్మ కొలత 352 అడ్డం, 288 నిలువు. మన దేశపు పాల్ అనే టీవీ పద్ధతి డీవీడీ నిబంధనల్లో ఆ కొలత ఎంపెగ్-1 బొమ్మకి కూడా చోటుంది. అంటే బొమ్మని మళ్ళీ కుదించి పాడుచేయక్కర్లేదు, ఉన్నదున్నట్టు డీవీడీలోకి ఎక్కించొచ్చు. మార్చాల్సింది శబ్దం ఒక్కటే. వీసీడీలో అది సెకనుకి 44,100 నమూనాలు, డీవీడీకి 48,000 కావాలి. ఈ లెక్కన ఒక్క డీవీడీలో ఆరు వీసీడీలు పడతాయి. అన్నిటికన్నా ముఖ్యం, డీవీడీలో అధ్యాయాలు పెట్టుకోవచ్చు. ప్రతి పద్యం మొదట్లో ఒక అధ్యాయం గుర్తు పెడితే? ఒక బటన్ నొక్కితే పద్యం మళ్ళీ మొదటికి. ఒన్స్‌మోర్!

ఇది తట్టిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. మా ఆయన మాత్రం బాగానే పడుకున్నారు.

డిస్కుల్లోంచి ఫైళ్ళు తీయడం నేననుకున్నంత తేలిక కాలేదు. వీసీడీలు తయారుచేసినవాళ్ళు పిసినారులు, మంచి అర్థంలోనే. మామూలు డేటా సీడీలో ఒక్కో గడికి 2,048 బైట్ల సరుకు ఉంచి, మిగతా చోటు తప్పులు దిద్దుకోవడానికి వాడతారు. వీసీడీలో బొమ్మకి ఆ దిద్దుబాటు చోటు కూడా లాగేసుకుని 2,324 బైట్లు నింపారు. అందుకే 650 ఎంబీ అనే డిస్కులో 740 ఎంబీ దాకా బొమ్మ పట్టి, డెబ్భై నాలుగు నిమిషాలు వస్తుంది. గీత పడితే మాత్రం సరిచేసే దిక్కు లేదు. మామూలుగా కాపీ చేయబోతే సగంలో ఆగిపోయేది. లినక్స్‌లో వీసీడీఎక్స్‌రిప్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఒక్కొక్కటీ ఓపిగ్గా లాగాను. పాత మెత్తటి పంచె ముక్కతో మధ్య నుంచి అంచుకి తుడవాలి, గుండ్రంగా తుడవకూడదు. యాభై ఎనిమిదిలో నాలుగు ఎంత బతిమాలినా రాలేదు.

ఇక పద్యాల గుర్తులు. ఏ పద్యం ఎన్నో నిమిషంలో మొదలవుతుందో నాకేం తెలుసు? మావయ్యగారిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఆయన "ఇదిగో, ఇక్కడ" అనడం, నేను నిమిషం, సెకను రాసుకోవడం. ఒక్కో నాటకానికి మూడు గంటలు. పద్యం ఎక్కడ మొదలవుతుందనే దాని మీద మాకు వాదనలు కూడా అయ్యాయి. నేను గొంతు ఎత్తిన చోట అంటాను. ఆయన హార్మోనియం శ్రుతి ఇచ్చిన చోట అంటారు. "పెట్టె పలికిన దగ్గర్నుంచే పద్యం అమ్మాయ్, నోరు తెరిచాక కాదు." ఆయన మాటే రాసుకున్నాను. తరవాత వింటే ఆయన చెప్పిందే సరైనది.

ప్లేస్టేషన్‌లో డీవీడీలు ఆడాయి. నెలన్నర ఆడాయి. కానీ రిమోట్ లేదు, వైరున్న ఆట కంట్రోలరే గతి. డెబ్భై ఎనిమిదేళ్ళ చేతుల్లో అన్ని బటన్లంటే ఒకటి నొక్కబోతే ఇంకోటి. పద్యం మళ్ళీ రావాల్సిన చోట బొమ్మ ఆగేది, లేకపోతే కాటి సీను మధ్యలోంచి మొత్తం మెనూలోకి వచ్చి పడేది. ఫ్యాను చప్పుడు ఒకటి. ఆలాపన సన్నగా సాగుతుంటే కింద హోరు. తర్వాత ఎండలు మొదలయ్యాక దాని లెన్స్‌కీ వయసు గుర్తొచ్చింది, నేను రాసిన డీవీడీలు రెండుసార్లలో ఒకసారే చదివేది. ఏళ్ళ తరబడి అటక మీద పడున్నదాన్ని ఏమంటాం.

నా బల్ల సొరుగులో 2013లో కొన్న రాస్ప్‌బెర్రీ పై ఉంది, అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు, మొదటి తరం మోడల్ బి. పిల్లలకి ఎల్ఈడీలు వెలిగించి చూపించడానికి కొన్నాను. కొత్త బోర్డులు వచ్చాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. 700 మెగాహెర్ట్జ్, 512 ఎంబీ, ఇవాళ్టి లెక్కలో ముసలిదే. కానీ దానికి పక్కన ఒక పసుపు గుండ్రటి పిన్ను ఉంటుంది, అచ్చంగా డబ్బా టీవీకి గుచ్చుకునేదే. తరవాత వచ్చిన బోర్డుల్లో అది తీసేసి హెడ్‌ఫోన్ రంధ్రంలో కలిపేశారు. ఇన్నాళ్ళు పనికిరాదనుకున్న పిన్నే ఇప్పుడు పనికొచ్చింది.

దాంట్లో వేసింది కోడి. పేరు విని మావయ్యగారు "కోడా?" అన్నారు. దీనికీ ఆటపెట్టెకీ చుట్టరికం ఉంది. 2002లో మొదటి ఎక్స్‌బాక్స్ మీద వీడియోలు చూడటానికి కొందరు ఔత్సాహికులు రాసుకున్న ప్లేయర్ ఇది. ఆ ఎక్స్‌బాక్స్‌లో ఉన్నది 733 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 64 ఎంబీ మెమరీ. తరవాత దాన్ని ఎక్స్‌బీఎంసీ అన్నారు, 2014లో పేరు కోడి అయింది. మెమరీ విషయంలో నా ముసలి బోర్డు దాని పుట్టింటికన్నా ఎనిమిది రెట్లు కలిగినదే. అయినా మెనూలు కదిలేది మాత్రం పీటల మీదికొచ్చే పెళ్ళికూతురిలాగా. బొమ్మ మొదలయ్యాక ఇబ్బంది లేదు, ఎంపెగ్-1 దానికి పెద్ద బరువు కాదు.

మొదటిరోజు బొమ్మ నలుపు తెలుపుల్లో, పైకి జారుతూ వచ్చింది. ఆ బోర్డు తనంతట తాను అమెరికా వాళ్ళ ఎన్‌టీఎస్‌సీ పద్ధతిలో బొమ్మ పంపిస్తుంది. సెట్టింగుల ఫైల్‌లో ఎస్‌డీటీవీ మోడ్ దగ్గర 2 అని రాస్తే పాల్‌కి మారి రంగులొచ్చాయి. ఈ లోపల మావయ్యగారు కుర్చీలో కూర్చుని ఆ జారే బొమ్మనే చూస్తున్నారు. మొదటి టీవీ కొన్నప్పుడు యాంటెన్నా తిప్పుతూ ఇలాగే చూసేవాళ్ళమన్నారు. ఆయనకి అదేం లోపంలా అనిపించలేదు.

రిమోట్ కోసం ల్యాబ్‌లో పిల్లలు వాడే ఇన్‌ఫ్రారెడ్ రిసీవర్ తెచ్చాను. మూడు కాళ్ళ చిన్న నల్లటి ముక్క. చేతికి దొరికింది 1738, అది 5 వోల్టులది. రాస్ప్‌బెర్రీ బోర్డు పిన్నులు 3.3 వోల్టులకి మించి ఓర్చుకోవు, 5 ఇస్తే కాలిపోతాయి. ఏటా పిల్లలకి చెప్పే సంగతే, నేనే అతికించేయబోయి ఆగాను. 3.3తో నడిచే 1838 తెచ్చి పద్దెనిమిదో నంబరు పిన్నుకి సోల్డర్ చేశాను. రిమోట్ మాత్రం పోయిన డీవీడీ ప్లేయర్‌దే. ఆయన వేలికి అలవాటైన బటన్లు. ముందుకి పద్యం, వెనక్కి పద్యం, ఆపు, ఆడు. ఈ నాలుగూ, పైకీ కిందకీ బాణాలూ, ఓకే బటనూ తప్ప మిగతావన్నీ పనిచేయకుండా చేసేశాను. వెనక్కి బటన్ మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క.

ఫైళ్ళని ఎంకేవీ అనే వీడియో ఫైల్ రకంలోకి మార్చాను, బొమ్మ ముట్టుకోకుండానే, పద్యాల గుర్తులతో సహా. అంతా కలిపి 64 జీబీ పెన్‌డ్రైవ్‌లో పట్టింది.

పేర్లు తెలుగులో పెడితే కోడి పాత వెర్షన్‌లో వత్తులు పక్కకి జారిపోయి, గుణింతాలు ఒకచోట, అక్షరాలు ఒకచోట. ఇంగ్లీషులో పెడితే ఆయన చదవరు. ఆఖరికి ప్రతి వీసీడీ కవర్‌నీ ఫోన్‌తో ఫొటో తీసి, ఆ నాటకం ఫోల్డర్‌లో ఫోల్డర్ డాట్ జేపీజీ అనే పేరుతో పెట్టాను. ఆయన స్కెచ్ పెన్ను నంబరుతో సహా తెర మీద కవర్లన్నీ వరసగా వచ్చాయి. బిస్కెట్ల డబ్బా మూత తీసినట్టే.

ఒక్క గొడవ మిగిలింది. మావయ్యగారు చూడటం అయిపోతే గోడ దగ్గర స్విచ్ కట్టేస్తారు. అరవై ఏళ్ళ అలవాటు, "కరెంటు ఊరికే కాలుతుంది." రాస్ప్‌బెర్రీ బోర్డుకి ఇది పడదు, రాస్తూ రాస్తూ కరెంటు పోతే మెమరీ కార్డు చెడిపోతుంది. రెండు నెలల్లో రెండుసార్లు చెడింది. ఇది తినేది మూడు వాట్లేనండీ, ఉంచేయండి అని చెప్పి చూశాను. విన్నారు, కట్టేశారు. అప్పుడు కోడిని నడపడానికే చేసిన లిబ్రెలెక్ అనే చిన్న వ్యవస్థకి మారాను, దాంట్లో అసలు వ్యవస్థ ఉన్న భాగం మీద రాయడమే ఉండదు. ఎందుకైనా మంచిదని అదే కార్డు ఇంకోటి చేసి బీరువాలో పెట్టాను. ఇంతవరకు దాని అవసరం రాలేదు.

ఇరవై మూడో నంబరు డిస్కులో ఒక చోట గీత ఉంది. పద్యం మూడో పాదంలో బొమ్మ గళ్ళుగళ్ళుగా బిగుసుకుపోయి, పది పన్నెండు సెకన్లు శబ్దం పోతుంది. ఆ చోటు రాగానే మావయ్యగారు అందుకుని మిగతాది తనే పాడేస్తారు, సరిగ్గా నాలుగో పాదం చివర నటుడి గొంతు మళ్ళీ వచ్చి కలుస్తుంది. మొన్న రేపల్లెలో మా చుట్టాలింట్లో అదే నాటకం మంచి డిస్కు దొరికితే, చెప్పకుండా ఫైల్ మార్చేశాను. ఆ సాయంత్రం పద్యం గీతేమీ లేకుండా సాఫీగా సాగిపోయింది. ఆయన నోరు తెరిచి, మూసుకున్నారు. ఎర్ర చుక్క నొక్కారు. మళ్ళీ సాఫీగానే పోయింది.

"అమ్మాయ్, దీన్ని ఏం చేశావ్?" అన్నారు. చెప్పాను.

"బాగానే ఉందిలే గానీ, పాతది కూడా పక్కన ఉంచు."

ఇప్పుడు ఇరవై మూడో నంబరు కవర్లు తెర మీద రెండున్నాయి. కొత్తది అత్తయ్యగారు ఎప్పుడైనా వచ్చి కూర్చుంటే పెడతారు.