ఐదున్నరకు మోగే కాఫీ

కళ్ళు తెరిచేసరికి కాఫీ వాసన ముక్కుకు తగలాలి, అందుకోసం ఎవరూ ముందుగా లేచి పొయ్యి దగ్గర నిలబడకూడదు. నా కోసమని నేను కోరుకున్న వైభోగం ఇంతే. అందుకే టైమర్ ఉన్న చిన్న కాఫీ మేకర్ చవకగా కనబడగానే మరో ఆలోచన లేకుండా కొనేశాను. చూడటానికి ముచ్చటగానే ఉంది. వంటగట్టు మీద నాలుగు పుస్తకాలు నిలబెట్టినంత చోటు దానికి చాలు. పెట్టె మీద ‘ఐదు కప్పులు’ అని ఉంది. ఆ కప్పుల సంగతి తర్వాత చెబుతాను.

మొదటి రాత్రి పొడి వేసి, నీళ్ళు పోసి, గడియారం సరిచేసే పనిలో పడ్డాను. గంటలకో మీట, నిమిషాలకో మీట. రెండూ ముందుకే తప్ప వెనక్కి పోవు. వేలు తీయడం ఒక్క క్షణం ఆలస్యమైందా, కావలసిన అంకె దాటిపోతుంది. ముప్పై దగ్గర ఆపబోయి మూడుసార్లు ముప్పై ఒకటి దగ్గర ఆగాను. ఆ ఒక్క నిమిషంతో వచ్చే నష్టం ఏమీ లేదు. అయినా పంతం కదా, మళ్ళీ చుట్టంతా తిప్పుకొచ్చాను. చివరికి ఐదున్నరకు కుదిరింది, పచ్చ దీపం వెలిగింది, నిశ్చింతగా పడుకున్నాను.

పొద్దున వంటింట్లో వాసనా లేదు, చప్పుడూ లేదు. గాజు జగ్గు రాత్రి కడిగిపెట్టింది పెట్టినట్టే ఉంది. విసుగొచ్చి దాన్ని ముట్టుకోలేదు. ఆ సాయంత్రం అందరం హాల్లో కూర్చుని ఉండగా వంటింట్లో ఎవరో గొంతు సవరించుకుంటున్నట్టు గురగురమని వినిపించింది. వెళ్ళి చూస్తే కాఫీ దిగుతోంది! మా అమ్మాయి వంగి ఆ తెరను పరీక్షగా చూసి, “సాయంత్రం ఐదున్నరైతే ఇక్కడ చుక్క ఉండాలి కదమ్మా” అంది. ఆవగింజలో సగం కూడా లేని చుక్క అది. ఉంటే మధ్యాహ్నం దాటినట్టు, లేకపోతే ఇంకా పొద్దున్నే అని అర్థమట. నేను రాత్రి పదికి గడియారం పెడుతూ దాన్ని చూసుకోలేదు. పాపం యంత్రం తన లెక్క ప్రకారం తెల్లవారుజామునే కాఫీ పెట్టింది.

చుక్క సరిచేసిన రాత్రి కాసేపు కరెంటు పోయింది. లోపల బ్యాటరీ ఏదీ లేదు కాబట్టి తెల్లారేసరికి పన్నెండు అంకె రెప్పలు కొడుతూ కనిపించింది. దాంతో పెట్టుకున్న సమయం కూడా ఎగిరిపోయింది.

నాలుగో రోజు అన్నీ కలిసొచ్చాయి. లేచేసరికి నిజంగానే వాసన వచ్చింది. ఆ అరనిమిషం సంతోషాన్ని కాదనను. ఆ తర్వాత తాగాను. పలుచగా, కాస్త పుల్లగా, కాఫీ గింజలు కడిగిన నీళ్ళలా ఉంది. సరే, పొడి తక్కువైందేమో అని మర్నాడు పెంచాను. బుట్ట నిండి పొంగి, మడ్డి కాస్తా జగ్గులోకి దిగింది. పొడిని ఇంకా మెత్తగా చేస్తే నీళ్ళు దిగక మళ్ళీ పొంగింది. తప్పు పొడిది కాదని అప్పటికి తేలింది, యంత్రం లోపల ఏం జరుగుతోందో తెలుసుకుందామని కూర్చున్నాను.

ఇలాంటి వాటిలో మోటారు ఉండదు. ట్యాంకులోని నీళ్ళు ఒకవైపే తెరుచుకునే వాల్వు గుండా అడుగున ఉన్న లోహపు గొట్టంలోకి దిగుతాయి. గొట్టం వేడెక్కి నీళ్ళు మరిగితే బుడగలు లేస్తాయి. వెనక్కి పోవడానికి వాల్వు ఒప్పుకోదు కాబట్టి ఆ బుడగలే నీటిని పైకి నెట్టుకుపోయి పొడి మీద పోస్తాయి. నేను విన్న గురగుర అదే. నిజం చెప్పాలంటే ఇంత తక్కువ సరంజామాతో ఇంత పని చేయించిన బుర్రను మెచ్చుకోవలసిందే. చిక్కల్లా వేడితోనే. కాఫీ సారం సరిగ్గా దిగాలంటే నీళ్ళు 90 నుంచి 96 డిగ్రీల మధ్య ఉండాలంటారు. నా యంత్రం 650 వాట్లది. ట్యాంకు నిండితే 600 మిల్లీలీటర్లు. 25 డిగ్రీల నీళ్ళను 93 డిగ్రీలకు తేవాలంటే, రవ్వంత వేడి కూడా వృథా కాకపోయినా దాదాపు నాలుగున్నర నిమిషాలు పడుతుంది. ఇది పది నిమిషాలు తీసుకుంటోంది. వంటింటి థర్మామీటర్‌ను బుట్టలో ఆనించి చూశాను: మొదటి నిమిషంలో 76, ఆఖరుకు 89. గొట్టాలూ బుట్టా చల్లగా ఉండటంతో మొదట వచ్చిన నీళ్ళు దారిలోనే చల్లారిపోతున్నాయి. అవి వేడెక్కేసరికి ట్యాంకు ఖాళీ.

అన్నట్టు, 600 మిల్లీలీటర్లను ఐదు కప్పులు అన్నారంటే కప్పుకు 120. నేను తాగే కప్పు 300 పడుతుంది. పొడి పీల్చుకున్నది పోను, ఐదు కప్పుల యంత్రంలోంచి నాకు రెండు కప్పులు కూడా నిండవు. పోసేటప్పుడు జగ్గు మూతి నుంచి గాజు మీదుగా గట్టు మీదికి కారేది వేరే లెక్క. దానికి మాత్రం మందు దొరికింది: ఊపిరి బిగబట్టి, సన్నని ధారగా పోయాలి. జగ్గు కింది వేడి పళ్ళెం కూడా ఆ అడుగు గొట్టంతోనే వేడెక్కుతుంది, దానికి విడిగా మీట లేదు. రెండు గంటలకు దానంతటది ఆరుతుంది గానీ, అరగంటకే కాఫీ మాడిన చేదు పడుతుంది.

తిరిగి ఇచ్చేద్దామంటే పెట్టె ఎప్పుడో పారేశాం. అందుకని ప్రయోగాలు మొదలుపెట్టాను. పొడి వేయకుండా ఉత్త నీళ్ళతో ఒకసారి నడిపి, కొన్ని నిమిషాలు ఆగి, అప్పుడు పొడి వేసి రెండోసారి నడిపాను. థర్మామీటర్ మొదట్లోనే 85 చూపింది. కాఫీలో పులుపు తగ్గింది, రంగు వచ్చింది. గింజలను అప్పటికప్పుడు పొడి చేసి వేస్తే ఇంకా బాగుంది. రాత్రే పొడి చేసి బుట్టలో వేసి వదిలేస్తే తెల్లారేలోగా వాసన సగం ఎగిరిపోతోంది మరి.

ఇక్కడే నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ముందుగా గొట్టాలు వెచ్చబెట్టాలన్నా, పొడి తాజాగా ఉండాలన్నా నేను లేచి నిలబడాలి. నేను లేచి నిలబడితే టైమర్ దేనికి? ఒకరోజు కోపంతో బుట్టను ఊడబీకి, కాగితం ఫిల్టర్ వేసి, జగ్గు మీద పట్టుకుని కెటిల్ నీళ్ళు నా చేత్తోనే పోశాను. 1908లో జర్మనీలో మెలిట్టా బెంట్జ్ అనే గృహిణి కొడుకు నోటుపుస్తకంలోని బ్లాటింగ్ కాగితంతో చేసింది దాదాపు ఇదే. వారమంతా యంత్రం ఇచ్చిన దానికన్నా ఆ కప్పే బాగుంది. పట్టుకున్న వేళ్ళు మాత్రం కాలాయి.

అయినా దాన్ని అటక ఎక్కించలేదు. రోజూ రాత్రి పొడి లేకుండా ఉత్త నీళ్ళు పోసి, చుక్క సంగతి రెండుసార్లు చూసుకుని, ఐదున్నరకు పెడుతున్నాను. వేళకు గురగుర మొదలవుతుంది, ఆ చప్పుడుకు మెలకువ వస్తుంది. లేచి, దిగిన వేడి నీళ్ళతో కప్పులు వెచ్చబెట్టుకుని, గింజలు పొడి చేసి రెండో విడత నడుపుతాను. “అమ్మా, ఇది అలారం కదా” అంటుంది మా అమ్మాయి దుప్పట్లోంచి. ఫోనులో అలారం పెట్టుకోవడం మానేశాను.