మూడు ఏజెంట్లు, ఒక చేను

మొన్న దాళ్వాకి (రెండో పంటకి) సరదాగా ఒక పని చేశా, మా కోనసీమ చేనుకి మూడు ఏఐ ఏజెంట్లు, అంటే మన బదులు పనులు చూసిపెట్టే ప్రోగ్రాములు పెట్టా, ఒకటి కాలవ వంతు చూస్తుంది, ఒకటి దమ్ముకి ట్రాక్టర్ మాట్లాడుతుంది, ఇంకోటి ఊడ్పులకి కూలీల్ని చూస్తుంది. దేనికది చూస్తే ప్లాన్ సూపర్. కలిపి చూస్తే మంగళవారం ట్రాక్టర్, బుధవారం నీళ్ళు! ఎండిన మడిలో దమ్మేంటండీ బాబూ.

బాబాయ్ చూసి "ఏరా, లస్కర్ని అడిగితే పోయేదానికి ఇంత ఎందుకురా" అన్నాడు. లస్కరంటే కాలవ నీళ్ళు చూసే మనిషి. నిజమే, ధవళేశ్వరంలో నీళ్ళు తగ్గితే వంతులు పెడతారు, లేకపోతే పైవాళ్ళే తోడేసుకుని శివారు చేలకి ఏం మిగల్చరు. ఏజెంట్ల గొడవా అచ్చం ఇదే, దేని పని అదే చూసుకుంటుంది, పక్కదాన్ని పట్టించుకోదు.

కొత్త సమస్య కూడా కాదిది. 1980లోనే రీడ్ స్మిత్ అనే కంప్యూటర్ సైంటిస్ట్ కాంట్రాక్ట్ నెట్ అని రాశాడు, ఒక ఏజెంట్ పని ఉందని చాటింపు వేస్తుంది, మిగతావి బిడ్లు వేస్తాయి, నచ్చినదానికి పని ఇస్తుంది. పని పంచడానికి బానే ఉంది గానీ నా గొడవ ఏది ముందు, ఏది వెనక అని కదా. తర్వాత డర్ఫీ, లెస్సర్ అనే ఇంకో ఇద్దరు పరిశోధకులు పార్షియల్ గ్లోబల్ ప్లానింగ్ అన్నారు, అంటే ఎవరి ప్లాన్ వాళ్ళే వేసుకుని, ముఖ్యమైన ముక్కలు మాత్రం పక్కవాళ్ళకి చెప్పుకుని, తగులుకున్న చోట సర్దుకోవడం. మా గట్టు మీద పంచాయితీ లాగే, ఆయ్.

నేను చేసింది అంత కూడా లేదు. ఒకే క్యాలెండర్, నీళ్ళ తేదీ ఎవరూ కదపకూడదు, ఏ ఏజెంటైనా మిగతా రెండూ ఓకే అన్నాకే అడ్వాన్స్ ఇవ్వాలి. నీళ్ళొచ్చాయి, ట్రాక్టరూ వచ్చింది. కూలీలు మాత్రం పక్క చేలోకి పోయారు, అక్కడ ఎక్కువిస్తామన్నారట.