సోదరా, నీ బంగారం తూకానికి రాలేదు

ఈజిప్టులోని టెల్ ఎల్ అమర్నాలో 1887లో బయటపడిన సుమారు 380 మట్టిపలకలలో ఎక్కువ భాగం కనాను, సిరియా సామంతులు ఈజిప్టు రాజైన ఫారోకు పంపుకున్న విన్నపాలే. నేను మళ్లీ మళ్లీ చదివేవి మాత్రం క్రీస్తుపూర్వం 14వ శతాబ్దంలో మూడవ అమెన్‌హోటెప్‌కు, అతని కుమారుడు అఖెనాటెన్‌కు తమను సమానులుగా భావించుకున్న రాజులు రాసిన కొద్దిపాటి లేఖలు. అవి దాదాపు అన్నీ ఈజిప్టు భాషలో కాక మెసొపొటేమియా భాష అయిన అక్కాడియన్‌లో ఉన్నాయి. అంటే తనకు వచ్చిన ఉత్తరాలు చదివించుకోవడానికి అంతటి ఫారో కూడా పరభాష నేర్చిన లేఖకులను పోషించవలసి వచ్చింది.

"సోదరా" అన్న పిలుపుతో మొదలై, భార్యల, గుర్రాల, రథాల క్షేమం విచారించాక ఈ లేఖలు తరచుగా బంగారం దగ్గరికే చేరుతాయి. దక్షిణాన ఉన్న నూబియా గనులు చేతిలో ఉన్న ఈజిప్టులో బంగారం ధూళితో సమానమని ఉత్తర సిరియా ప్రాంతపు మితన్నీ రాజ్యాన్ని ఏలిన తుష్రత్త నమ్మకం. పోతపోసిన బంగారు విగ్రహాలు అడిగితే రేకు తొడిగిన చెక్క బొమ్మలు పంపారని అతని ఫిర్యాదు. బాబిలోన్ రాజు బుర్నబురియాష్ అంతకన్నా లెక్క మనిషి. వచ్చిన 20 మినాల (మినా అంటే సుమారు అర కిలో) బంగారాన్ని కొలిమిలో పెట్టిస్తే 5 మినాలు కూడా తేలలేదని అతడు నేరుగా రాశాడు. కానుక అన్న మర్యాదపూర్వకమైన పేరుతో సాగినది వ్యాపారమేనని నేను అనుకోవడానికి ఈ కొలిమి ఒక్కటి చాలు, ఎందుకంటే కానుకను ఎవరూ కరిగించి తూచరు.

సైప్రస్‌గా భావించే అలషియా రాజు రాగి పంపుతూ, మహమ్మారి వల్ల పనివారు చనిపోయారు కనుక తక్కువ పంపానని సంజాయిషీ ఇచ్చి, బదులుగా వెండి అడిగాడు. ఆ శతాబ్దం చివరలో తుర్కియే తీరాన ఉలుబురున్ వద్ద మునిగిన ఓడలో సుమారు 10 టన్నుల రాగి, ఒక టన్ను తగరం, వాటితోపాటు అఖెనాటెన్ రాణి నెఫర్టిటి పేరున్న బంగారు ముద్ర దొరికాయి.

పెళ్లిళ్లూ ఈ బేరంలో భాగమే. ఈజిప్టు రాజకుమార్తెను అనాదిగా ఎవరికీ ఇవ్వలేదని అమెన్‌హోటెప్ తిరస్కరిస్తే, బాబిలోన్ రాజు కదష్మన్ ఎన్లిల్, అందమైన స్త్రీని ఎవరినైనా పంపితే ఆమె రాజకుమార్తె కాదని ఎవరు అంటారని ఎదురు అడిగాడు. తన కూతురి విషయంలో మాత్రం అతడు గడువు పెట్టాడు: చేపట్టిన పనికి కావలసిన బంగారం ఆ వేసవిలోనే అందితే పిల్లనిస్తాడు, పని పూర్తయ్యాక 3,000 తలాంతుల (తలాంతు అంటే 60 మినాలు) బంగారం పంపినా వెనక్కి తిప్పి పంపుతాడు, పిల్లనివ్వడు.