పనసాకు బుట్ట, వెదురాకు పొట్లం

కోనసీమలో పొట్టిక్క అంటే ఇడ్లీ పిండిని ఆకులో ఉడికించడమేనని చాలామంది అనుకుంటారు గానీ, మా ఇంట్లో అసలు పనంతా ఆకు దగ్గరే ఉంటుంది. మినప్పప్పు ఒక వంతు, బియ్యపు రవ్వ రెండు వంతులు అనే లెక్కను ఎవరైనా ఒక్క పూటలో నేర్చుకోగలరు. మరీ లేతవి కాకుండా, ముదిరి పెళుసెక్కనివి నాలుగు పనసాకులు ఏరి, మధ్యలో ఒకదానిపై ఒకటి వచ్చేలా పేర్చి, కొబ్బరి ఈనెపుల్లలతో గుచ్చి, అంచులు పైకి మడిచి, పిండి కారని బుట్టగా నిలబెట్టడం మాత్రం మామ్మ పక్కన కూర్చుంటే తప్ప రాదు. ఇప్పుడు కుట్టిన బుట్టలు అమ్మకానికి దొరుకుతున్నాయి. వాటిని కొనుక్కోవడంలో తప్పేమీ లేదు గానీ, మామ్మ ముందు ఆ మాట అనే ధైర్యం ఇంతవరకు ఎవరూ చేయలేదు.

ఈ ఆకుపనిలోకి మా వదిన తన పుట్టింటి విద్యను తెచ్చింది. వాళ్లది హాంకాంగ్‌లోని కాంటనీస్ కుటుంబం. చైనా పంచాంగంలో ఐదో నెల ఐదో రోజున వచ్చే డ్రాగన్ పడవల పండుగకు వాళ్లు జిగురు బియ్యాన్ని వెదురాకుల్లో పొట్లాలు కట్టి, నీళ్లలో గంటల తరబడి ఉడికిస్తారు. వీటిని ‘జుంగ్’ అంటారు. మిలువో నదిలో మునిగి ప్రాణం విడిచిన చు యువాన్ అనే కవిని ఈ పండుగనాడు తలుచుకుంటారని వదిన చెప్పింది. ఆ రోజు చాలా ఏళ్లలో మన జ్యేష్ఠ శుద్ధ పంచమికి అటూఇటూగా పడుతుందని మామ్మ పంచాంగం తిరగేసి తేల్చింది.

ఈసారి పండుగకు వదిన వాళ్ల అమ్మగారు మా ఊరు వచ్చారు. బియ్యం, ఎండు వెదురాకులు ఆవిడే తెచ్చారు. డెల్టాకు బియ్యం మోసుకురావడమేమిటని నాన్న నవ్వారు గానీ, కారణం గింజలోనే ఉంది. మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ (ఎం.టి.యు. 7029) వంటి మన రకాల్లో అమైలోజ్ అనే పిండిపదార్థం ఎక్కువ కనుక అన్నం పొడిపొడిగా విడుతుంది. జిగురు బియ్యంలో అది దాదాపు ఉండదు కాబట్టి గింజలన్నీ ఒకే ముద్దగా అతుక్కుంటాయి.

మామ్మ వంటింట్లోకి మాంసం రాదు కనుక, బియ్యంలో క్షారపు నీళ్లు కలిపి చేసే సాదా రకాన్ని ఎంచుకున్నాం. ఇది అప్పడాల పిండిలో వేసే క్షారానికి దగ్గరి చుట్టమే. దానితో బియ్యం లేత పసుపుకు తిరిగి, ఉడికాక తాటిముంజెలా నిగనిగలాడుతుంది.

నానిన ఆకులు రెండింటిని గరాటుగా మడిచి, బియ్యం పోసి, మిగిలిన ఆకును పైన కప్పి కట్టాలి. బియ్యం ఉబ్బుతుంది కనుక కొంత ఖాళీ వదలాలి. మరీ బిగిస్తే లోపలి గింజ ఉడకదు, వదులైతే పొట్లం విడిపోతుంది. ఎంత బిగించాలో చెప్పడానికి వదిన మాటలు తడుముకుంటుంటే, వాళ్ల అమ్మగారు అమ్మ వేళ్లు పట్టుకుని నొక్కి చూపించారు. తెచ్చిన దారాన్ని పక్కన పెట్టించి, పూలు కట్టే అరటినారను తడిపి ఇచ్చింది మాత్రం అమ్మే. “వదినగారూ, ఇదైతే ముడి జారదండీ” అని తెలుగులోనే చెప్పింది. ఆవిడ ఒకసారి లాగి చూసి, మిగిలినవన్నీ ఆ నారతోనే కట్టారు.

ఉడకడానికి మూడు గంటలకు పైనే పట్టింది. పొట్లాలు ఎప్పుడూ నీళ్లలో మునిగే ఉండాలి, నీరు తగ్గితే మరిగే నీళ్లే పోయాలి. ఆవిరి మీద కాసేపట్లో పొంగే పొట్టిక్కకు అలవాటుపడిన మామ్మ గ్యాసు దండగని గొణిగింది గానీ, చల్లారాక బెల్లం పాకంతో రెండు తిని, ఉప్పు లేదని మాత్రమే వంక పెట్టింది. మా మేనకోడలికి వెదురాకు మడత కుదిరింది. పనసాకు మాత్రం ఈనె గుచ్చినప్పుడల్లా చీలుతూనే ఉంది.

పెసరపప్పు, ఉప్పులో ఊరిన బాతుగుడ్డు సొన, పందిమాంసం పెట్టి చుట్టే రకం వదిన వాళ్లకు ఎక్కువ ఇష్టం. వచ్చే ఏడాది దానికోసం మామ్మ పెరట్లోని కట్టెల పొయ్యినీ ఒక పాత గుండిగనూ కేటాయించింది. ఆ గుండిగ వంటింటి గుమ్మం తొక్కకూడదన్నది ఆవిడ షరతు.