టొనాలి ఆడని పది నెలలు

మా సత్యనారాయణపురంలో ఫుట్‌బాల్ అంటే మెస్సీ, రొనాల్డో. నాకు మాత్రం ఇటలీ మిడ్‌ఫీల్డర్ సాండ్రో టొనాలి. 2000లో లోదిలో పుట్టాడు, బ్రెషాలో పేరు తెచ్చుకున్నాడు, చిన్నప్పటి నుంచీ ప్రాణంగా అభిమానించిన మిలాన్ క్లబ్‌కే ఆడాడు. అక్కడే ఉండిపోవడానికి 2021లో జీతం కూడా తగ్గించుకున్నాడు. 2022 ఏప్రిల్‌లో రోమ్‌లో లాజియోతో మ్యాచ్ 1-1 మీద ఉంది. ఇంజురీ టైమ్‌లో ఇబ్రహిమోవిచ్ బంతిని తలతో తోశాడు, దూసుకొచ్చిన టొనాలి గోల్ కొట్టేశాడు. ఆ సీజన్‌లో మిలాన్ 11 ఏళ్ల తర్వాత ఇటలీ లీగ్ ఛాంపియన్ అయింది.

2023లో ఇంగ్లండ్ క్లబ్ న్యూకాసిల్ అతన్ని కొనుక్కుంది. అక్టోబర్‌కల్లా మ్యాచ్‌ల మీద పందేలు కాశాడని బెట్టింగ్ కేసు, పది నెలల నిషేధం. ఐపీఎల్ వస్తే మా బెజవాడ కుర్రాళ్లు ఫోన్లలో ఎంత పోగొట్టుకుంటారో చూస్తున్నదాన్ని, ఆ వార్త చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు. నాకు బాగా నచ్చింది ఇటలీ ఫుట్‌బాల్ సమాఖ్య వేసిన శిక్ష: మొత్తం 18 నెలలు, అందులో 8 నెలలకు బదులు బెట్టింగ్ వ్యసనానికి చికిత్స, జనం ముందుకొచ్చి తన కథ చెప్పడం. ఇక్కడ మన పిల్లలకి అది జబ్బని చెప్పేవాళ్లేరీ?

2024 ఆగస్టులో తిరిగొచ్చాడు. కోచ్ ఎడ్డీ హౌ అతన్ని డిఫెన్స్ ముందుకు మార్చాక జట్టు నడకే మారింది. 2025 మార్చిలో వెంబ్లీలో లివర్‌పూల్‌ని 2-1తో ఓడించి లీగ్ కప్ గెలిచారు. 70 ఏళ్ల తర్వాత న్యూకాసిల్‌కి దేశంలో దక్కిన పెద్ద ట్రోఫీ అది.